సర్ క్రిస్టఫర్ కాకరెల్ జీవితము: గాలిపఱుపుమీద పడవ

మన నెల్లూరు మండలమున మైపాడు, కొత్తకోడూరు, తుమ్మలపెంట మొదలగు తీరములయం దొక గడియ నిలిచి చూచినవారికి సముద్రమంతయు నొక్క తీరున నుండదని తెలియును. దూరమున నీలముగా నిశ్చలముగా గనబడు నీరు, ఒడ్డునకు సమీపించి, అడుగున ఇసుక మెఱక తగిలినతోడనే పైకి లేచి, వంగి, తెల్లని నురుగుగా విరిగి పడుచుండును. పడవవానికి ప్రాణగండ మీ అలలు విరుగు పట్టెయందే కలదు. నడిసముద్రమున రాత్రియంతయు క్షేమముగా నున్న పడవ, తెల్లవారి ఇంటివారు ఒడ్డున నిలిచి చూచుచుండగనే బోల్తాపడుట మన తీరమువారు ఎఱిగిన దుఃఖము.

ఈ పట్టెను దాటుటకు మన పూర్వులు రెండు సాధనములను కనిపెట్టియుండిరి. మొదటిది తెప్ప. నాలుగైదు దుంగలను త్రాళ్ళతో కట్టిన ఈ తెప్పపైకి వచ్చిన నీరు దుంగల సందులనుండియే జాఱిపోవును గాన అది నీటితో నిండి మునుగుట యనునది లేదు. రెండవది మసూలా పడవ. మచిలీబందరునుండి చెన్నపట్టణము వఱకు నోడలనుండి సరకులను, మనుష్యులను ఒడ్డునకు జేర్చినది ఇదియే. దీని పలకలకు ఇనుప మేకులు లేవు. కొబ్బరిపీచు త్రాటితో కుట్టబడియుండుటచే, అల కొట్టినప్పుడు పలకలు కొంత వంగి, కొంత సాగి, దెబ్బను సహించెడివి. మేకులతో బిగించిన దృఢమైన పడవ పగిలిన చోట ఈ కుట్టుపడవ బ్రతికి బయటపడెడిది. నేడు మన మత్స్యకారులు ఫైబరు పడవలకు ఇంజనులు తగిలించి పోవుచున్నారు. అయినను అలలు విరుగు పట్టె మాఱలేదు.

మేమొకప్పుడు విద్యార్థులను మైపాడు తీరమునకు దీసికొనిపోయియుండగా, ఒక పడవ లోనికి పోవుటకు మూడుసార్లు యత్నించి మూడుసార్లును వెనుకకు నెట్టబడుట చూచితిమి. అప్పుడొక బాలుడు, నీటిని తాకకుండ అలలపైగా పోవు పడవ లేదా యని మమ్మడిగెను. ఉన్నదని చెప్పితిమి. అట్లయిన అలలు దాని నేమియు చేయజాలవు గదా యని యతడు సంతోషించెను. ఆ మాటకు వెంటనే ఔనని గాని కాదని గాని చెప్పలేకపోతిమి. ఆ పడవను కల్పించిన మహాశయుని జీవితమే ఆ బాలునికి తగిన యుత్తరమగునని తలచి దాని నిచ్చట వ్రాయుచున్నాము.

క్రిస్టఫర్ కాకరెల్ 1910వ సంవత్సరము జూన్ 4వ తేదీన ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి పట్టణమందు జన్మించెను. తండ్రియగు సర్ సిడ్నీ కాకరెల్ అచ్చటి ఫిట్జ్‌విలియం మ్యూజియమునకు అధికారి. తల్లి ఫ్లోరెన్సు గ్రంథములను బంగారురంగులతో అలంకరించు చిత్రకారిణి. ఆ ఇంటికి కవులును, పండితులును, కళాకారులును వచ్చుచుండెడివారు. ఇట్టి ఇంట బుట్టియు ఈ బాలునికి పుస్తకములకంటె యంత్రములయందే మక్కువ మెండు. తల్లి కుట్టుయంత్రమునకు చిన్న ఆవిరియంత్రమును తగిలించి నడిపించెనని చెప్పుదురు. హోల్టు గ్రామమందలి గ్రెషమ్స్ పాఠశాలలో చదివి, తరువాత కేంబ్రిడ్జిలో పీటర్‌హౌస్ కళాశాలయందు యంత్రశాస్త్రము నభ్యసించెను. బెడ్‌ఫర్డులో నొక యంత్రశాలయందు కొంతకాలము పనిచేసి, మరల కేంబ్రిడ్జికి వచ్చి రేడియో విద్యలో పరిశోధన గావించెను.

1935లో ఆయన మార్కోనీ కంపెనీలో ఉద్యోగమున ప్రవేశించెను. 1937లో మార్గరెట్ అను కన్యను వివాహమాడెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఓడలకును విమానములకును దారి కనుగొను రేడియో సాధనములను, శత్రువుల రాడారు స్థానములను పసిగట్టు పరికరములను నిర్మించిన వారిలో ఈయన యొకడు. ఆ కంపెనీలో నున్న కాలమున ముప్పదియాఱు పేటెంటులను సంపాదించెనని చెప్పుదురు. ఇట్టి యుద్యోగము, ఇట్టి పేరు గలవాడు హాయిగా అచ్చటనే వృద్ధుడై యుండవచ్చును. కాని కాకరెల్‌కు పడవలయం దపారమైన ప్రీతి. యుద్ధానంతరము, భార్యకు పుట్టింటివలన సంక్రమించిన ధనముతో, ఇంగ్లండు తూర్పుభాగమున నార్‌ఫక్కు, సఫక్కు ప్రాంతపు కాలువలు చెఱువుల నడుమ రిపిల్‌క్రాఫ్ట్ అను చిన్న పడవల వ్యాపారమును కొని, భార్యాభర్త లిరువురును దానిని నడుపసాగిరి. 1950 దాటిన పిదప పెద్ద ఉద్యోగమును విడిచి పూర్తిగా పడవలవాడయ్యెను.

ఆ వ్యాపారమున లాభము స్వల్పము. కాని పడవలు కట్టుచు, అద్దెకిచ్చుచు, నడుపుచు నుండుటచే ఆయనకు నొక ప్రశ్న పట్టుకొనెను. పడవ ముందునకు పోవునప్పుడు ఇంజను బలములో నధికభాగము నీటి ఒరపిడిని, అలను జయించుటకే వ్యయమగుచున్నది. పడవ అడుగునకును నీటికిని నడుమ గాలిని పొరగా నుంచినచో ఈ ఒరపిడి తగ్గదా? ఈ యూహ క్రొత్తది గాదు. 1870 దశకములోనే థార్నీక్రాఫ్ట్ అను ఓడల శిల్పి దీనిని గూర్చి యోచించి పేటెంటు పొందియుండెను. కాని గాలిని అడుగున నిలుపుట యెట్లో ఎవరికిని తెలియదయ్యెను. కాకరెల్ మొదట నొక చిన్న పడవ అడుగునకు గాలిని పంపి చూచెను. గాలి ప్రక్కలనుండి తప్పించుకొని పోవుచుండెను.

అప్పుడాయనకు తోచిన ఉపాయము చూచుటకు మిక్కిలి సామాన్యము. గాలిని అడుగు నడుమ పంపుట మాని, చుట్టును అంచు వెంబడి సన్నని వలయముగా క్రిందికి, లోపలివైపునకు ఊదినచో, ఆ గాలియే గోడవలె నిలిచి లోపలి గాలిని పోనీయకుండ కాపాడునని తలచెను. 1955లో దీనిని పరీక్షించుటకు ఆయన ప్రయోగశాలను వెదకలేదు. ఒక చిన్న డబ్బాను పెద్ద కాఫీ డబ్బాలో నుంచి, రెంటి నడుమనున్న సందునుండి గాలి వెడలునట్లు ఊదెడి యంత్రమును తగిలించి, వంటయింటి త్రాసుపైకి ఊదించెను. ఒకే గొట్టమునుండి ఊదినప్పటికంటె ఈ వలయపు గాలి త్రాసును మూడింతలు బలముగా నొక్కెను. ఆ సంవత్సరమే డిసెంబరు 12వ తేదీన పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. పిదప చేసిన చిన్న నమూనా నీటిమీదను నేలమీదను ఒక్క తీరుగనే తేలి పోయెను.

ఇంత జరిగినను ఆయన కష్టములు తీఱలేదు. నమూనాను చూచిన అధికారులలో నావికాదళమువారు ఇది పడవ కాదు విమానమనిరట; వైమానికదళమువారు ఇది విమానము కాదు పడవ యనిరట. ఎవ్వరును దీనిని తమదిగా స్వీకరింపలేదు. పైగా ప్రభుత్వము దీనిని రహస్యముల పట్టికలో జేర్చినందున, ఆయన దీనిని గూర్చి బహిరంగముగా చెప్పి ధనికుల సహాయము నర్థించుటకును వీలులేకపోయెను. చేతనున్న ధనము ప్రయోగములలో కరగిపోవుచుండెను. ఇట్లు సుమారు రెండు వత్సరములు గడచెను. 1958లో రహస్యపు కట్టడి తొలగి, జాతీయ పరిశోధనాభివృద్ధి సంస్థ సహాయమునకు పూనుకొనుటతో పని ముందునకు సాగెను. వైటు ద్వీపమందలి సాండర్స్-రో కంపెనీవారు పూర్తి పరిమాణముగల వాహనమును నిర్మింప నారంభించిరి.

ఎస్.ఆర్.ఎన్.1 అను ఆ మొదటి హోవర్‌క్రాఫ్ట్ 1959 జూన్ 11వ తేదీన ప్రజలయెదుట ప్రదర్శింపబడెను. సుమారు నాలుగు టన్నుల బరువుగల అండాకారపు పళ్ళెమువంటి ఈ వాహనము, నడుమనున్న పెద్ద పంకా త్రిప్పిన గాలిచేత పైకి లేచి నేలను నీటిని సమానముగా దాటుచుండగా చూచినవారు విస్మయమొందిరి. ఆ సంవత్సరమే జూలై 25న, బ్లేరియో అను ఫ్రెంచివాడు విమానములో ఇంగ్లీషు కాలువను దాటి సరిగా ఏబది వత్సరములు నిండిన దినమున, ఇది ఫ్రాన్సునందలి కలేనుండి ఇంగ్లండునందలి డోవరునకు బయలుదేఱెను. నడపినవాడు పీటర్ లాంబ్, తోడు జాన్ చాప్లిన్ అను ఇంజనీరు. ప్రయాణము రెండు గంటలకు కొంచెము మించి పట్టెను.

ఈ ప్రయాణమున కాకరెల్ చేసిన పని యేమి? ఆయన వాహనపు పైతట్టుమీద నిలిచి, అవసరమైనప్పుడెల్ల తన శరీరపు బరువును ఇటునటు జరుపుచు తూకము నిలిపెను. వాహనము నీటిపై ఒక అడుగునకు లోపుననే తేలుచుండెను గాన, ముందుభాగమగు అణియము కొంచెము వంగినను అలను తాకును. వెనుకనున్న అమరము బరువైనను చిక్కే. నలువది తొమ్మిదేండ్ల వయసున, అప్పటికే పేరుపొందిన శాస్త్రజ్ఞుడు, తాను కల్పించిన యంత్రమునకు తానే కదలు బరువై సముద్రమును దాటెను. ఒడ్డున నిలిచి ఇతరులను పంపుట ఆయనకు సులభమే. అట్లు చేయకుండుట ఆయన జీవితములో మాకు మిక్కిలి మెచ్చుకోదగినదిగా దోచుచున్నది.

ఈ మొదటి వాహనమునకు పెద్ద లోపము గలదు. అడుగులోపు ఎత్తున తేలు వాహనము రెండడుగుల అలలను దాటుట యెట్లు? మరింత పైకి లేపవలెనన్న అపారమైన బలము గావలెను. దీనికి లాటిమర్-నీధమ్ అను మఱియొక ఇంజనీరు మార్గము చూపెను. వాహనపు అంచు చుట్టును రబ్బరుబట్టతో పావడను వ్రేలాడగట్టినచో గాలి అందులో నిలుచును. వాహనపు గట్టి అడుగు నీటికి ఎత్తుగా నుండును. అల వచ్చినప్పుడు పావడ వంగి, దానిని దాటనిచ్చి, మరల యథాస్థితికి వచ్చును. 1962 నాటికి నాలుగడుగుల పావడ తొడిగిన ఎస్.ఆర్.ఎన్.1 వాహనము ఆఱేడడుగుల అలలలోను పోగలిగెను. మునుపటికి రెండింతలు బరువును మోసెను. లేపు బలమును మాత్రము పెంచవలసినది లేకపోయెను. చదువరులారా, మన మసూలా పడవ కుట్టులను జ్ఞాపకము చేసికొనుడు. అలను ఎదిరించి నిలుచునది పగులును, అలకు వంగి దారి ఇచ్చునది దాటును. మన పడవ కుట్టువారికి అనుభవముచే తెలిసినదే శాస్త్రజ్ఞులకు లెక్కలచే తెలిసెను.

ఇక ఆ బాలుని ప్రశ్నకు వత్తము. ఇట్టి వాహనమును అలజడి గల తీరమున నడుపుట సులభమా? కాదు. పడవకు అడుగున నీటి పట్టు గలదు, బండికి చక్రములక్రింద నేల పట్టు గలదు. హోవర్‌క్రాఫ్టునకు ఏ పట్టును లేదు. తడిసిన గచ్చుపై జాఱువానివలె అది ప్రక్కగాలికి ప్రక్కకే పోవును. కావున సరంగు తాను చేరదలచిన తావునకు సూటిగా గాక, గాలివైపునకు కొంత ముక్కు త్రిప్పి నడుపవలెను. మలుపును చాల ముందుగా నారంభింపవలెను. ఆపుటకును చాల దూరము గావలెను.

బయలుదేఱునప్పుడు మఱియొక చిక్కు. గాలి ఒత్తిడిచే వాహనముక్రింది నీరు పల్లమగును. మెల్లగా పోవునంతవఱకు ఆ పల్లమునుండి ఎక్కలేక, ఎదుటి నీటిగట్టును త్రోయుచు, తుంపరలలో మునిగి పోవును. కొంత వేగము మించినతోడనే ఆ గట్టు నెక్కి తేలికయగును. అలలు పెద్దవైనప్పుడు వేగము తగ్గి మరల ఆ పల్లమున పడుట కలదు. అట్లని వేగము మితిమీఱినను అపాయమే. అణియము వంగి పావడ ముందంచు నీటిని తాకినచో, నాగటి కఱ్ఱు భూమిలో దిగినట్లు ముక్కు దిగబడి, వాహనము హఠాత్తుగా నిలిచి ప్రక్కకు తిరుగును, బోల్తాపడవచ్చును. ముఖ్యముగా వెనుకనుండి వచ్చు అలలతో పోవునప్పుడు, అలకంటె వేగముగా దిగి ముందటి అల వీపున ముక్కు గ్రుచ్చుకొను భయము గలదు. అందుచే నేర్పరియగు సరంగు అణియమును కొంచెము ఎత్తుగా నుంచును. పెద్ద వాహనములలో ముందు వెనుక తొట్లనడుమ ఇంధనమును మార్చి, చిన్నవానిలో మనుష్యుల బరువును జరిపి ఈ తూకమును సాధింతురు. ముక్కు వంగినచో బలమును ఒక్కసారి తెగగొట్టక, క్రమముగా తగ్గించును. పెద్ద అలలకు ప్రక్క నీయడు. ఎదురుగనో, కొంచెము ఏటవాలుగనో తీసికొనును. ఒడ్డునకు వచ్చునప్పుడు గాలిపఱుపు బలము తగ్గకుండ, సూటిగా ఇసుకపైకి ఎక్కించును. అన్నిటికంటె ముఖ్యముగా, అల పావడ ఎత్తును మించిన దినమున ఒడ్డుననే నిలుచును.

ఈ కడపటి నియమము ఎంతటి విలువగలదో చరిత్రయే చూపినది. 1962 జూలైలో వేల్సు ఉత్తరతీరమున రిల్ పట్టణమునుండి వాలసీకి మొట్టమొదటి ప్రయాణికుల హోవర్‌క్రాఫ్టు నడువసాగి, ఆ సెప్టెంబరులోనే తుపానుల దెబ్బకు నిలిచిపోయెను. 1965నుండి వైటు ద్వీపమునకును సౌత్‌సీకిని నడుమ హోవర్‌క్రాఫ్టులు నడచుచున్నవి. అచ్చటనే 1972 మార్చి 4వ తేదీన పెనుగాలిలో నొక ఎస్.ఆర్.ఎన్.6 వాహనము సౌత్‌సీ ఒడ్డునకు సమీపమున బోల్తాపడి ఐదుగురు మరణించిరి. 1985 మార్చి 30న డోవరు రేవుగోడను నొక పెద్ద హోవర్‌క్రాఫ్టు గాలి అలల త్రోపుడుచే తాకగా నలుగురు ప్రాణములు కోల్పోయిరి. గాలిపై తేలినంతమాత్రమున సముద్రము మనకు లోబడదు. ఈ దుర్ఘటనలను దాచి యంత్రమును పొగడుట సత్యము కాదు. ఇందుచే ఆ యంత్రమును నిందించుటయు న్యాయము కాదు. 1968నుండి 2000 వఱకు ఇంగ్లీషు కాలువపై పెద్ద హోవర్‌క్రాఫ్టులు కార్లను, వందలకొలది ప్రయాణికులను దాటించెను.

కాకరెల్ హోవర్‌క్రాఫ్టు అభివృద్ధి సంస్థలో సాంకేతిక నిర్దేశకుడుగా పనిచేసి, పరిశ్రమ నడచు తీరుతో ఏకీభవింపక 1966లో ఆ పదవిని విడిచెను. 1967లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా గ్రహించెను. 1969లో సర్ బిరుదము లభించెను. తన శ్రమకు తగిన ధనము చాలకాలమునకు గాని, అదియు స్వల్పముగా గాని చేరలేదు. అయినను ఆయన ఊరకుండలేదు. ఎవని దెబ్బనుండి తన వాహనమును కాపాడుటకై ఇంత శ్రమించెనో ఆ సముద్రపు అలలనుండియే విద్యుచ్ఛక్తిని పుట్టించుటెట్లని 1970 దశకమున యోచించి, కీలులతో కలిపిన తెప్పలను కల్పించెను. అలలతో పాటు తెప్పలు లేచి దిగుచుండగా కీలులయొద్ద పుట్టు కదలికయే శక్తియగును. 1999 జూన్ 1వ తేదీన, ఎనుబది తొమ్మిదేండ్లు నిండుటకు మూడు దినములుండగా, హాంప్‌షైరులోని హైత్ గ్రామమందు ఆయన దీర్ఘనిద్ర జెందెను.

మన దేశమునకును ఆయన కల్పన వచ్చి చేరినది. 2000 ప్రాంతమునుండి భారత తీరరక్షక దళమువారు హోవర్‌క్రాఫ్టులను వాడుచున్నారు. గుజరాతు తీరపు బురదకయ్యలు, మండపము చెంత లోతులేని సముద్రము, గంగాముఖమందలి హల్దియా ప్రాంతము వానికి తగిన తావులు. 2024 అక్టోబరులో గోవాకు చెందిన చౌగులే కంపెనీతో, మన దేశముననే ఆఱు హోవర్‌క్రాఫ్టులను కట్టించుటకు మూడువందల యెనుబదియేడు కోట్ల రూపాయలకు మించిన ఒడంబడిక జరిగెను. మన మైపాడు అలలకంటె, ఎండకాలమున నీరు తగ్గి బురదమేటలు బయటపడు పులికాటు సరస్సే ఇట్టి వాహనమునకు అనుకూలమని మాకు దోచుచున్నది. 1989 నవంబరులో కావలి తీరమును తాకిన తుపాను మన పెద్దల కింకను మఱపురాలేదు. గాలి తగ్గిన పిదప, పడవకు చాలని నీటను, బండికి చాలని బురదను చిక్కుకొన్న పల్లెలను చేరుటకు ఇట్టి సాధనముల యక్కఱ ఎంతగలదో అట్టి దినములను చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

మైపాడున మమ్మడిగిన బాలుడు ఈ వ్యాసమును చదువునని నమ్ముచున్నాము. నాయనా, నీటిపైగా పోవు పడవ గలదు. అయినను దానిని నడుపువానికి అలల తెలివి, గాలి తెలివి, మీ ఇంటి తెప్పవానికి గలిగినంతయు గావలెను. యంత్రపు తెలివి దానికి తోడు కావలెను. సముద్రమునకు వెఱచువాడు దానిని దాటలేడు, వెఱవనివాడు తిరిగి రాలేడు. కాఫీ డబ్బాతో నారంభించి, తన ధనమును వ్యయపఱచి, అధికారులు కాదన్నప్పుడు ఓర్చి, కడకు తానే బరువై తన పడవమీద నిలిచిన కాకరెల్ చరిత్రమునుండి మన విద్యార్థులు నేర్వదగిన దేమనగా, పెద్ద ప్రశ్నకు చిన్న సాధనములతోనైనను నేడే పరీక్ష ప్రారంభింపవలెను. ఆ పరీక్షలో మొదటి అపాయము తనదిగా నుండవలెను. తలిదండ్రులారా, మీ బిడ్డలు వంటయింటి డబ్బాలను త్రాసులను తీసి యేదో చేయుచున్నప్పుడు వెంటనే కోపింపక, ఒక క్షణము నిలిచి చూడవలెనని వేడుకొనుచున్నాము.